పద్నాలుగో సీసా

మార్చి 3, సోమవారం

ఈరోజు కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులకు గంటంబావు సేపు డబ్బాల గురించి చెప్పాను. ఏటా చెప్పేదే. ల్యాబుల్లో వాడేసిన రసాయనాలు దేంట్లో పొయ్యాలి, దేంట్లో పొయ్యకూడదు, మూత ఎంత బిగించాలి, పైన ఎంత ఖాళీ వదలాలి. వెనక బెంచీలో ఒకతను ఆవలిస్తున్నాడు. లేపి అడిగాను, నైట్రిక్ ఆమ్లం ఉన్న డబ్బాలో స్పిరిట్ పోస్తే ఏమవుతుందని.

"కలుస్తుంది మేడమ్" అన్నాడు.

"కలుస్తుంది. కాసేపటికి పైకప్పు కూడా ఆకాశంలో కలుస్తుంది" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పొద్దుటి నుంచి నవ్వింది అదొక్కసారే.

మా ఆయన పనిచేసే డ్రైవింగ్ స్కూలు వాళ్ళు ఏటా ఇచ్చే డైరీలు ఇంట్లో నాలుగైదు పడి ఉన్నాయి. ఒకటి పట్టుకొచ్చాను. ఆఫీసు బల్ల సొరుగులో ఉంచి, భోజనం గంటలో రాస్తాను. ఎవరితోనూ చెప్పలేనప్పుడు కాగితంతోనైనా చెప్పాలి కదా.

నిన్న ఆదివారం. వెనక సామాన్ల గది ఖాళీ చేసి పాపకు చదువుకునే గది చేద్దామని అనుకున్నాం. రంగులు వేసే మేస్త్రీ పదిహేడున వస్తానన్నాడు. అత్తయ్య వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. పాత మంచం పట్టెల వెనక ఆవిడ చెక్కపెట్టె ఉంది. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ "అది నా సామాను, ముట్టుకోకు" అంటూనే ఉంటుంది. మామయ్య ఉత్తరాలో, పాత గిన్నెలో అనుకునేదాన్ని. దాన్ని ఇవతలికి లాగి తెరిచాను.

లోపల చెక్కముక్కలతో అడ్డంగా నిలువుగా గళ్ళు కట్టి ఉన్నాయి. పద్నాలుగు గళ్ళు. పద్నాలుగు సీసాలు.

అత్తయ్య ముప్పై ఏళ్ళు ఒక బడిలో ల్యాబ్ అటెండర్‌గా చేసింది. సీసాల మీద ఆ గుండ్రటి చేతిరాతే. గాఢ ఆమ్లాలు మూడు. వాటిలో నైట్రిక్ ఆమ్లం మూత తుప్పు పట్టినట్టు తినేసి ఉంది. స్పిరిట్ లాంటివి రెండు. సీసం లవణాలు రెండు, వెండి లవణం, మైలుతుత్తం, ఇంకా మూడు. పాదరసం మాత్రం దగ్గుమందు సీసాలో పోసి ఉంది. దగ్గుమందు చీటీ కూడా తియ్యలేదు.

పద్నాలుగోది చిన్నది. పసుపురంగు పొడి. దాని సంగతి తరువాత.

మూత పెట్టి, పెట్టెను మళ్ళీ లోపలికి నెట్టేశాను. ఆ గోడకి అవతలే పాప మంచం.

మార్చి 4, మంగళవారం

పొద్దున అత్తయ్య బటానీలు ఒలుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, ఆ పెట్టె తెరిచాను."

ఒలవడం ఆపలేదు. "తెరవొద్దన్నానుగా."

"అవి ఇంట్లో ఉండాల్సినవి కావు."

"ఆ ముక్క నాకు తెలీదనుకున్నావా? నువ్వు పలక పట్టకముందే నేను ఆమ్లం సీసా పట్టాను."

ఇంకో కాయ ఒలిచింది. తరువాత తనే చెప్పింది. బళ్ళో సైన్సు గది తీసేసి కంప్యూటర్ల గది చేశారట. హెడ్మాస్టరు ఉన్నవన్నీ వెనకాల గుంటలో పారబొయ్యమన్నాడట.

"ఆ గుంటలో బంతి పడితే పిల్లలు దిగి తీసుకునేవాళ్ళు అమ్మాయ్. అక్కడెలా పొయ్యను? సరే సార్ అన్నాను. అని, రోజుకి రెండు చొప్పున సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశా."

"బస్సులోనా?"

"మరి పల్లకీలోనా? వారం రోజులు ఒళ్ళో పెట్టుకుని తెచ్చా. ఒక్క చుక్క ఒలకలేదు."

ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖంలో ఎంత గర్వమో. నాకు ఆవిడను తిట్టాలనీ అనిపించింది, మెచ్చుకోవాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి.

"నేను ఈ ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"చెబుదామనే అనుకున్నా. చేరిన కొత్తలో ఒకరోజు ఇంటికొచ్చి తిట్టావు చూడు, ఎవరో కూల్‌డ్రింకు సీసాలో స్పిరిట్ పోసి పెట్టారని. అంత బుద్ధిలేని మనుషులు కూడా ఉంటారా అన్నావు. నా దగ్గర దగ్గుమందు సీసాలో పాదరసం ఉందని ఏ మొహంతో చెప్పను?"

నేను అలా అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అని ఉంటాను.

పాప మంచం ముందుగదిలోకి మార్పించాను. గోడ తడిగా ఉంది, జలుబు చేస్తుందన్నాను.

మార్చి 5, బుధవారం

తీరిక లేదు. రేపు ఆయనతో మాట్లాడాలి.

మార్చి 6, గురువారం

ఆయన రోజంతా పక్కసీట్లో కూర్చుని "క్లచ్, క్లచ్" అని అరిచి, ఇంటికొచ్చాక గొంతు తగ్గించి మాట్లాడే మనిషి. అంతా విని, "ఒక సంచిలో మూటగట్టి చెత్తబండికి ఇచ్చేస్తే పోలా?" అన్నారు.

చెత్తబండి తొట్టిలో ఆమ్లమూ స్పిరిటూ ఒకదాని మీద ఒకటి పగిలితే ఏమవుతుందో చెప్పాను. చెత్త తీసే మనిషి చేతుల గురించి చెప్పాను.

"మీ ఆఫీసులో చెప్పి తీసుకెళ్ళు మరి. అదే కదా నీ పని."

చెప్పొచ్చు. చెబితే కాగితం మీదికి ఎక్కుతుంది. ఎవరింట్లో, ఎన్నేళ్ళుగా, ఎవరు తెచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. విద్యార్థులకు పాఠాలు చెప్పే మనిషి ఇంట్లో ఇదా అని అందరూ అనుకుంటారు. అత్తయ్య కోసమే ఆలోచిస్తున్నాను. ముఖ్యంగా అత్తయ్య కోసం.

నాలుగో ల్యాబు కింది అంతస్తు నుంచి పైకి మారుతోంది. మారేటప్పుడు అందరూ పాత సామాను, పారెయ్యాల్సిన రసాయనాలు పోగుచేసే నా స్టోరుకు పంపుతారు. అందులో పదమూడు సీసాలు కలిస్తే పుట్టేమీ మునగదు. వాటిని తీసుకెళ్ళే కంపెనీ లారీ ఎటూ పదో తేదీన వస్తుంది. వాళ్ళు తీసుకెళ్ళి పద్ధతిగా నాశనం చేస్తారు. చివరికి జరగాల్సింది అదే కదా.

"పద్నాలుగు అన్నావు?" అన్నారాయన.

"ఒకటి ఉత్త రంగుపొడి. దాన్ని తరువాత చూద్దాం."

మార్చి 8, శనివారం

అయిపోయింది.

ఆఫీసు డబ్బాలు ఇంటికి తెచ్చాను. ఇదీ రాయాలి.

పెరట్లో, చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను. పెట్టెను కదపలేదు. ఒక్కొక్క సీసానే తీసి పెరట్లోకి తెచ్చాను. మూత బాగున్న ఆమ్లాలు రెంటినీ వాటి పాత గాజుసీసాల్లోనే ఉంచాను. అన్నేళ్ళు నిలిచిన సీసాను నమ్మొచ్చు, మార్చబోయి ఒలకపోసుకోవడం కంటే అది నయం. పగిలినా బయటికి రాకుండా ఒక్కోదానికి లోతు ప్లాస్టిక్ తొట్టి. నైట్రిక్ ఆమ్లం మూత పాడైంది కనుక దాన్ని కొత్త సీసాలోకి మార్చి, లోపల పుట్టే గాలి మెల్లగా బయటికి పోయే మూత పెట్టాను. దాన్ని ఇంకే సీసాకూ పక్కన పెట్టలేదు, విడిగా ఒక పెట్టె. స్పిరిట్లు రెండూ వేరే చోట. పాదరసాన్ని దళసరి ప్లాస్టిక్ సీసాలోకి ఒంపి, దాన్ని మరమూత ఉన్న ఇంకో డబ్బాలో పెట్టి, మధ్యలో సందు లేకుండా నింపాను. పాదరసం పక్కన అల్యూమినియం ముక్క కూడా లేకుండా చూశాను, తినేస్తుంది. పొడులు దేనికదే.

అత్తయ్య గడప మీద కూర్చుని చూసింది. "ఇంత ఉంటుందా దీనికి" అంది ఒకసారి. ఇంకోసారి, "మాకు ఇవేమీ ఇవ్వలేదు" అంది.

ఆయన డ్రైవింగ్ స్కూలు కారులోనే తీసుకెళ్ళాం. వెనక ఎర్రటి ఎల్ బోర్డు. దారిలో ఒక్క బండి కూడా మా దగ్గరికి రాలేదు. ఆ బోర్డుకు అంత మర్యాద ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీదు.

నేను ఎంచుకున్న డబ్బాల్లో ఒక్కటి కూడా తప్పుపట్టలేరు. ఏ నిబంధన ముందు పెట్టుకుని చూసినా సరైనవే. లేబుల్ మీద పేరు, ప్రమాదం గుర్తు, తేదీ, బరువు అన్నీ నిజం. ఒక్క ముక్కే అబద్ధం. "నాలుగో ల్యాబు."

మార్చి 10, సోమవారం

లారీ వచ్చింది. ఆరేళ్ళుగా వస్తున్న ముసలి డ్రైవరే. నేను బాబాయ్ అంటాను. తాళ్ళు కడుతూ, "ఈసారి ఇంటి మనిషిని ఊరు పంపినట్టు సర్దావమ్మా" అన్నాడు. నాకు మెచ్చుకోలుగానే వినిపించింది.

తరువాత చీటీ చదివాడు. "నాలుగో ల్యాబంటే మొక్కల వాళ్ళు కదా. వాళ్ళకి పాదరసంతో ఏం పని?"

"పాత థర్మామీటర్లు పగిలినవి అయ్యుంటాయి బాబాయ్."

"పావుకిలో థర్మామీటర్లా?" అన్నాడు. తాడుకు ఇంకో ముడి వేశాడు.

మార్చి 12, బుధవారం

పద్నాలుగోది అలాగే ఉంది. గదికి తాళం వేశాను.

మార్చి 13, గురువారం

ఆ లారీ కంపెనీ వాళ్ళు మొన్ననే ఉత్తరం పంపారట. పట్టికలో లేని పాదరసం నాలుగో ల్యాబు నుంచి వచ్చింది, ఇంకా ఎక్కడైనా ఒలికి ఉందేమో చూసుకోండి అని. మా పెద్దసారు మొన్న సాయంత్రమే ఆ ల్యాబుకు సీలు వేయించారు. గాలిలో పాదరసం ఆవిరి ఉందో లేదో పరీక్ష చేసేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. నాకు ఈరోజు తెలిసింది. నిన్న స్టోరు తలుపు వేసుకుని కూర్చున్నాను కనుక తెలియలేదు.

పదకొండింటికి ఆ ల్యాబు అమ్మాయి వచ్చింది. మూడో ఏడు పరిశోధన చేస్తోంది. పెద్ద కళ్ళజోడు, మోచేతుల దాకా మట్టి. ఎప్పుడు వచ్చినా డబ్బాలు కడిగి ఆరబెట్టి మరీ తెస్తుంది.

"మేడమ్, మా ల్యాబులో పాదరసమే లేదు. మీకు ఎవరు తెచ్చిచ్చారు? సంతకం ఎవరిది?"

"సరిగ్గా అర్థం కావడం లేదు అమ్మా. ఆ రోజు చాలామంది వచ్చారు."

"చీటీలో తేదీ శనివారం. ఆ రోజు స్టోరుకు ఎవరూ రారు కదా మేడమ్."

"గుర్తు లేదు" అన్నాను.

ఆ అమ్మాయి వెంటనే వెళ్ళలేదు. "లోపల నా కుండీలు నలభై ఉన్నాయి. రోజూ నీళ్ళు పోసి ఆకులు కొలవాలి. రెండేళ్ళ నుంచి ఒక్కరోజు తప్పలేదు. గది తెరిచేలోపు ఎండిపోతాయి. పెద్దసారు మీ మాట వింటారు. ఒకసారి చెబుతారా?"

చూస్తానన్నాను.

పరీక్షకు మనుషులు రెండు రోజుల్లో వస్తారట. మొక్కలు రెండు రోజులు తట్టుకుంటాయి. మట్టిలో తడి ఉంటుంది.

మార్చి 14, శుక్రవారం

పరీక్ష చేసేవాళ్ళు సోమవారానికి వాయిదా వేశారు.

మట్టిలో తడి ఎన్ని రోజులుంటుందో నాకు తెలీదు. నాకు మొక్కల గురించి ఏమీ తెలీదు.

పద్నాలుగోదాని గురించి ఇప్పుడు రాస్తాను. అది రంగుపొడి కాదు. పిక్రిక్ ఆమ్లం. బయాలజీ వాళ్ళు వాడేవాళ్ళు. నీళ్ళలో తడిసి ఉన్నంతకాలం మామూలు పొడిలా పడి ఉంటుంది. ఎండిపోతే దెబ్బ తగిలినా, మూత తిప్పినప్పుడు రాపిడి పుట్టినా పేలుతుంది. ఆ సీసాలో తడి లేదు. మూత కింద, మెడ చుట్టూ సన్నటి పసుపు పలుకులు మెరుస్తున్నాయి. పెట్టె తెరిచిన మొదటి నిమిషంలోనే చూశాను. చూసి, పెట్టెను కాలితో లోపలికి నెట్టాను. మూడో తేదీన "నెట్టేశాను" అని రాశాను. కాలితో అని రాయలేదు.

పొద్దుటి నుంచి దానికి ఏ డబ్బా సరిపోతుందా అని ఆలోచిస్తున్నాను. గాజుసీసాలోకి మారుద్దామంటే మూత తియ్యాలి. తియ్యకూడదు. ఉన్న సీసాతో సహా ప్లాస్టిక్ పీపాలో పెడదామంటే పేలితే పీపా ముక్కలే తూటాలవుతాయి. ఇనుపడబ్బా అంతకంటే దారుణం, పైగా ఆ పొడి లోహానికి తగిలితే ఇంకా రెచ్చిపోయే లవణాలు పుడతాయి. బకెట్లో ఇసుక పోసి అందులో గుచ్చి, కారు డిక్కీలో మెత్తటి దుప్పట్ల మధ్య పెట్టి, స్టోరు దాకా తొమ్మిది మైళ్ళు. ఎన్ని గతుకులుంటాయో ఆయన్ను అడిగితే చెబుతారు. ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, నేనొక్కదాన్నే. ఏదైనా అయితే నాకొక్కదానికే అవుతుంది.

పై వాక్యాలు రాసి చదువుకున్నాను. విద్యార్థులెవరైనా నాతో ఈ మాట అంటే గదిలోంచి బయటికి పంపేదాన్ని. రోడ్డు మీద నేనొక్కదాన్నే ఉంటానా?

మార్చి 16, ఆదివారం

ఇంట్లోనే రాస్తున్నాను. దాచాల్సిన పని ఇక లేదు.

నిన్న ఆఫీసు ఒంటిపూట. ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు మెట్ల మీద రంగుల మేస్త్రీ నిచ్చెన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క వీధిలో పని త్వరగా తెమిలిందని రెండు రోజులు ముందే వచ్చాడట. ఆయన తాళం తీసి ఇచ్చి పాపను తీసుకుని బజారుకు వెళ్ళారు.

"పెద్దమ్మగారు లోపలికి రానివ్వట్లేదమ్మా. నేను ఏం తప్పు చేశానో" అన్నాడు మేస్త్రీ.

అత్తయ్య సామాన్ల గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. గంటన్నర నుంచి అలాగే ఉందట. మేస్త్రీని సోమవారం రమ్మని పంపేసి వచ్చాను.

"ఎందుకు ఆపారు?" అని అడిగాను.

"నువ్వెందుకు తాళం వేశావు?"

కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"అది ఉత్త రంగుపొడి అని మా వాడితో చెప్పావటగా. నాకు చెప్పాడు. ఒసే అమ్మాయ్, బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆర్నెల్లకోసారి ఆ సీసాకి నీళ్ళు పోసింది నేనే. ఎందుకు పోస్తున్నానో తెలీకుండానే పోశానా? ఇంటికి తెచ్చాక కూడా పోశా. మీరంతా పనులకి వెళ్ళాక."

"మరి ఎప్పుడు మానేశారు?"

ఆవిడ రెండు చేతులూ చాపింది. కీళ్ళ దగ్గర బుడిపెలు, వంకర తిరిగిన వేళ్ళు. రోజూ చూసేవే.

"నాలుగేళ్ళయింది. మూత తిరగలేదు. నిన్ను అడుగుదామని రెండుసార్లు నీ గది దాకా వచ్చా. మళ్ళీ వెనక్కి పోయా."

ఆ గదిలో ఆ గోడ పక్కన నాలుగేళ్ళు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపాన్ని ఆవిడ మీద పెట్టే అర్హత నాకు పన్నెండు రోజుల క్రితమే పోయింది. ఆవిడకు నాలుగేళ్ళు చెప్పడానికి మనసు రాలేదు. నాకు రెండు వారాలు. లెక్కలో తేడా అంతే.

"ఫోన్ చెయ్యి" అంది అత్తయ్య.

"చేస్తే మిగతా పదమూడూ ఏమయ్యాయని అడుగుతారు."

"అడుగుతారు."

"నా ఉద్యోగం పోవచ్చు అత్తయ్యా. ఇంకో అమ్మాయి కూడా చిక్కుకుంది ఇందులో."

అప్పుడు చెప్పాను. లేబుల్ గురించి, కళ్ళజోడు అమ్మాయి గురించి, కుండీల గురించి. ఆవిడ అడ్డురాకుండా విన్నది. అయ్యాక, "నన్ను కాపాడ్డానికా ఇదంతా?" అంది.

"అవును" అన్నాను. వెంటనే, "కాదు" అన్నాను.

"కాదులే" అంది. గొంతులో దెప్పిపొడుపు లేదు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. "పద, వీధిలోకి పోదాం. ఫోను అక్కడి నుంచి చెయ్యి. ఇక్కడ తలుపు కూడా గట్టిగా వెయ్యకు."

అగ్నిమాపక కేంద్రానికి చేశాను. పేరు, చిరునామా, పదార్థం, ఎంత, ఏ సీసాలో, ఎండిపోయిందని. అవతల మనిషి రెండోసారి అడిగింది, ఎండిందని మీకెలా తెలుసని. ఇది నా వృత్తి అన్నాను.

ఇరవై నిమిషాల్లో వీధి ఖాళీ చేయించారు. అటు ఆరిళ్ళు, ఇటు ఆరిళ్ళు. ఎదురింటావిడ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చానని గొడవపెట్టింది. పాపా ఆయనా సంచులతో వీధి చివర ఆగిపోయారు. ఆయన నన్ను చూసి "రంగుపొడా?" అన్నారు. అంతే. ఇప్పటిదాకా ఇంకేమీ అనలేదు.

పేలుడు పదార్థాల నిపుణుడు వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. లోపలికి వెళ్ళి వచ్చి, పెట్టెలో పద్నాలుగు గళ్ళున్నాయి, సీసా ఒక్కటే ఉందేమని అడిగాడు. చుట్టూ ఇరుగుపొరుగు వాళ్ళు నిలబడి ఉన్నారు. నేను చెప్పాను. అత్తయ్య, "తెచ్చింది నేను. అది కూడా రాసుకోండి బాబూ" అంది. ఆయన ఆవిడకు కుర్చీ తెప్పించాడు.

వాళ్ళు ఆ సీసాను చేత్తో పట్టుకోలేదు. పొడవాటి మరచెయ్యితో ఎత్తి, బండి మీద ఉన్న మందపాటి తొట్టిలోకి దించారు. నడిచే వేగంతో ఊరవతలికి తీసుకెళ్ళారు. అక్కడ ఖాళీ నేలలో పేల్చేశారట. మాకు వినిపించలేదు.

దానికి డబ్బా లేదనుకున్నాను. ఉంది. నా దగ్గర లేదు, అంతే.

మార్చి 17, సోమవారం

తొమ్మిదింటికే పెద్దసారు గది ముందు నిలబడ్డాను. పోలీసుల ఫోను ఆయనకు అప్పటికే వచ్చింది.

"మీరుగా చెప్పడానికి వచ్చారా, బయటపడింది కనుక వచ్చారా?"

"సగం సగం సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "లారీ కంపెనీ ఉత్తరంలో చివరి వాక్యం ఏమిటో తెలుసా? ఇంత బాగా సర్దిన సరుకు మాకు ఈ మధ్య రాలేదు అని." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "అదే నాకు బాధగా ఉంది" అన్నారు.

మూడు నెలలు సస్పెన్షన్. తరువాత వచ్చినా స్టోరులోకి కాదు.

నాలుగో ల్యాబు సీలు పది గంటలకు తీశారు. నేను అటు వెళ్ళలేదు. వెళ్ళడానికి ముఖం చెల్లలేదు.

మార్చి 18, మంగళవారం

నలభైలో పదకొండు బతికాయట.

మార్చి 22, శనివారం

ఆ అమ్మాయి ఇంటికి వచ్చింది. చిరునామా ఎవరిచ్చారో. లోపలికి రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను అడిగినప్పుడు గుర్తులేదన్నారు."

"అన్నాను."

"నిజంగానే గుర్తులేదా?"

"గుర్తుంది. ఆ రోజు కూడా గుర్తుంది."

తల ఊపింది, తను ముందే అనుకున్న జవాబు వచ్చినట్టు. ఏడాది గడువు పెంచమని అడగాలట. మొక్కలు ఎందుకు పోయాయో కారణం కావాలట. "మీరు రాసిస్తారా?"

అప్పటికప్పుడు బల్ల దగ్గర కూర్చుని రాశాను. "స్టోరు రికార్డులో జరిగిన పొరపాటు వల్ల ల్యాబు మూసివేయబడి, మొక్కలు దెబ్బతిన్నాయి" అని. ఆ అమ్మాయి చదివి, కాగితం నా ముందు పెట్టింది.

"ఎవరి పొరపాటో లేదు ఇందులో."

ఇంకో కాగితం తీశాను. "నేను మా ఇంటి నుంచి తెచ్చిన పాదరసాన్ని నాలుగో ల్యాబుదని అబద్ధం రాశాను. తరువాత ఆ ల్యాబు విద్యార్థిని నన్ను అడిగినప్పుడు కూడా అబద్ధం చెప్పాను. నేను ఆ రోజే నిజం చెప్పి ఉంటే మొక్కలు బతికేవి." కింద సంతకం. రెండోసారి రాసింది మొదటి దానికంటే పెద్దదేమీ కాదు. రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

మడిచి సంచిలో పెట్టుకుంది. థాంక్స్ చెప్పలేదు. చెప్పకపోవడమే సబబు. గుమ్మం దగ్గర అత్తయ్య ఎదురైతే ఆగి, "కీళ్ళ నొప్పులా అవ్వా?" అని అడిగింది. అవునంది అత్తయ్య. వేడినీళ్ళలో పెట్టమని చెప్పి వెళ్ళింది.

మార్చి 29, శనివారం

ఆ నిపుణుడు ఫోన్ చేశాడు. తీసేసిన బడి ల్యాబులు ఊళ్ళో ఇంకా ఉన్నాయి కదా, వాటిలో సామాను ఏమైందో మీ అత్తగారికి ఏమైనా తెలుసా అని. అత్తయ్య ఫోను నా దగ్గర్నుంచి లాక్కుంది.

"నాతోపాటు అటెండర్లు ఏడుగురం బాబూ. వాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు. ముందు మీరు పోకండి, భయపడతారు. ముందు నేను పోతా. మా కోడలు ఖాళీగానే ఉంది."

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి ఇద్దరి దగ్గర ఏమీ లేవు. ఈరోజు మూడో ఆవిడ దగ్గరికి వెళ్ళాం. అత్తయ్యకంటే రెండేళ్ళు పెద్ద. మేడ మీద రెండు గదులు. అత్తయ్య మెట్టుకోసారి ఆగుతూ ఎక్కింది.

ఇద్దరూ పాత కబుర్లు చాలా చెప్పుకున్నారు. పరీక్షనాళిక పగలగొట్టి ఏడ్చిన పిల్లలు, జీతం ఆలస్యమైన నెలలు, చేతులకు అంటి వారం దాకా వదలని మరకలు. టీ తాగడం అయ్యాక అత్తయ్య అసలు విషయం ఎత్తింది.

"నా దగ్గరేం లేవే. అన్నీ బళ్ళోనే వదిలేసి వచ్చా" అంది ఆవిడ. అంటున్నప్పుడు మా ఇద్దరినీ చూడలేదు. వెనక వసారాలో నీళ్ళతొట్టి కింద వేలాడదీసిన గుడ్డ వైపు చూసింది.

"నేనూ అంతే చెప్పా. పదకొండేళ్ళు" అంది అత్తయ్య.

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"పోలీసులొస్తారా?"

"వస్తారు. మంచివాళ్ళే. నాకు కుర్చీ వేశారు."

"మా వాడు ఏమంటాడో."

"ఏదో అంటాడు. మా వాడు మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగోరోజు కాఫీ అడిగాడు." అత్తయ్య ముందుకు వంగింది. "మా ఇంట్లో మేమిద్దరం ముందు అబద్ధం ఆడాం, తరువాత నిజం చెప్పాం. మధ్యలో పాపం ఒక పిల్ల నలిగిపోయింది. నువ్వు ఆ మొదటి పని లేకుండా చూసుకో, చాలు."

ఆవిడ లేచింది. వసారాలోకి నడిచి, గుడ్డ మీద చెయ్యి వెయ్యబోయింది.

"వద్దు పెద్దమ్మా, ముట్టుకోకండి" అన్నాను. "పక్కకి రండి. ఎక్కడున్నాయో చూపించండి చాలు."

గుడ్డ పక్కన సందు ఉంది. అందులోంచి సీసాలు కనబడుతున్నాయి. నిలబడ్డ చోటి నుంచే లెక్కపెట్టాను. తొమ్మిది. సరిగ్గా కనబడనిది ఇంకొకటి.

ఫోన్ తీసి ఆ నిపుణుడికి పది అని చెప్పాను.